బ్యాడ్జి సరే, అధికారమేదీ?

‘ఇది మా లిమిట్స్ కాదు’ అన్న మాట పోలీసు స్టేషన్ గుమ్మంలో వినని తెలుగువాడు అరుదు. ఆ తిప్పలు తప్పించడానికే మన దగ్గర జీరో ఎఫ్ఐఆర్ వచ్చింది. అమెరికాలో ఈ హద్దుల తగువు నడిరోడ్డు మీదే, యూనిఫాంలో ఉన్న పోలీసు చేతులు కట్టేస్తోంది.

2005 ఆగస్టులో ఒక రాత్రి, వాషింగ్టన్ రాష్ట్రంలోని లమ్మీ రిజర్వేషన్. (రిజర్వేషన్ అంటే మన కోటా కాదు, అక్కడి ఆదివాసీ తెగలకు మిగిలిన నేల.) హైబీమ్ లైట్లతో గీత దాటి ఊగుతూ వస్తున్న కారును తెగ పోలీసు వెంబడించాడు. కారు పొలిమేర దాటి పెట్రోలు బంకులో ఆగింది. నడుపుతున్నావిడ గబుక్కున పక్క సీట్లోకి దూకేసింది! కౌంటీ (మన జిల్లా లాంటిది) పోలీసు వచ్చేదాకా అతను ఆమెను కదలనివ్వలేదు. తాగి నడిపిందని శిక్షా పడింది. కానీ పొలిమేర అవతల ఆపే అధికారం తెగ పోలీసుకు లేదంటూ 2011లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. దీనికి మందు చట్టసభల దగ్గరే ఉందని కూడా చెప్పింది.

ఆదివాసులు కానివారిపై క్రిమినల్ విచారణ జరిపే అధికారం తెగల కోర్టులకు లేదని 1978లో ఒలిఫెంట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అప్పటి నుంచీ ఇదే చిక్కు. 2016లో మోంటానాలోని క్రో రిజర్వేషన్‌లో హైవే పక్కన ఆగి ఉన్న ట్రక్కులో తుపాకులు, మెథ్ మత్తుమందు దొరికాయి. పట్టుకున్నది తెగ పోలీసు కాబట్టి ఆ సాక్ష్యం చెల్లదన్నాయి కింది కోర్టులు. ముందుగా మనిషి ‘ఇండియన్’ (అక్కడి చట్టభాషలో ఆదివాసీ) అవునో కాదో తేల్చుకోవాలన్నది అప్పీలు కోర్టు వాదన. ‘మీరు ఇండియనా?’ అని అడిగితే హైదరాబాద్ నుంచి వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు నిక్షేపంగా అవునంటాడు, అందులో అబద్ధమూ లేదు. 2021లో సుప్రీంకోర్టు ఈ వాదనను ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. అయినా ఆ తీర్పు ఇచ్చింది రిజర్వేషన్ లోపల కాసేపు ఆపి, సోదా చేసే వీలు మాత్రమే.

మిగతాది రాష్ట్రాలే ఇవ్వాలి. వాషింగ్టన్ 2008లో, ఓరెగాన్ 2011లో దారి చూపాయి. రాష్ట్ర పోలీసులకున్న శిక్షణ ప్రమాణాలనే తెగ పోలీసు అందుకుంటే, తెగ ప్రభుత్వం బీమా వంటి షరతులు నెరవేరిస్తే, రాష్ట్ర చట్టాలను అమలుచేసే అధికారం అతనికీ దక్కుతుంది. ఇదే సరైన పద్ధతి. మిగతా రాష్ట్రాలూ దీన్ని చట్టంగా తేవాలి.

చట్టంగానే తేవాలి, స్థానిక కౌంటీ దయగా కాదు. ఆ దయ ఎంత పల్చనో మిన్నెసోటాలో మిల్‌లాక్స్ తెగ చూసింది. కౌంటీతో ఉన్న సహకార ఒప్పందం 2016లో రద్దయింది. నిన్నటిదాకా కేసులు దర్యాప్తు చేసిన పోలీసులే తెల్లారేసరికి ప్రేక్షకులయ్యారు. తెగ కోర్టుకెక్కింది. కొత్త ఒప్పందం కుదిరేసరికి 2018 వచ్చింది. ఆ మధ్యకాలంలో వాళ్ల శిక్షణ తగ్గిందా, నేరాలు ఆగాయా? మారిందల్లా ఒక కాగితం మీది సంతకం.

ఎదుటి వాదనను కొట్టిపారేయలేం. తెగ ప్రభుత్వాలకు సార్వభౌమ రక్షణ ఉంది. వాటిపై దావా వేయడం తేలిక కాదు. తెగ ఎన్నికల్లో ఓటే లేని మనిషిని ఆ తెగ పోలీసు అన్యాయంగా కొడితే అడిగేదెవరు? సియాటెల్ చుట్టుపక్కల మనవాళ్లు ఔట్‌లెట్ మాల్‌కని వెళ్లే తులాలిప్ కూడా రిజర్వేషనే. రేపు అక్కడ ఆపితే ఈ ప్రశ్న మనదీ అవుతుంది. అందుకే బీమా షరతు ఉండి తీరాలి. అధికారమిచ్చిన సర్టిఫికెట్‌ను తప్పు చేస్తే వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. కౌంటీ పోలీసుకు ఏ క్రమశిక్షణో తెగ పోలీసుకూ అదే. అయితే షరతులన్నీ నెరవేర్చాక కూడా ‘షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) ఒప్పుకోవాలి కదా’ అని తిప్పితే అది జాగ్రత్త అనిపించుకోదు. తెగ మీద నమ్మకం లేదని పైకి అనలేక చెప్పే సాకు అది.

రిజర్వేషన్లలో చాలాచోట్ల కౌంటీ బండి రావడానికి గంటలు పడుతుంది. ముందుగా చేరేది తెగ పోలీసే. అతను చేరాక, మరొకరు వచ్చేదాకా ఎదురుచూస్తూ నిలబడాల్సిన అవసరం ఉండకూడదు.