చదువుల నగరంలో కొలువుల కరువు
మిల్లు మూతపడింది - ప్లాట్లు పెరిగాయి - చెరువులు కుంచించుకుపోయాయి

వరంగల్: తెలంగాణలో హైదరాబాదు తర్వాత పెద్ద నగరమైన వరంగల్‌కు జనం వస్తూనే ఉన్నారు కాని, వారిని నిలుపుకొనే పని మాత్రం ఇక్కడ పెరగడం లేదు. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిపోయి ఏర్పడిన ఈ నగర జనాభా, విలీన గ్రామాలను కలుపుకుంటే, 2011 లెక్కల నాటికే 8 లక్షలు దాటింది.

చదువుకు ఈ నగరానికి లోటు లేదు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల (నేటి నిట్), అదే సంవత్సరం కాకతీయ వైద్య కళాశాల, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వెలిశాయి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ ప్రాంతాల రోగులకు ఎం.జి.ఎం. ఆస్పత్రే దిక్కు. పత్తి, మిర్చి సీజనులో ఏనుమాముల మార్కెట్ యార్డు వాహనాలతో కిటకిటలాడుతుంది. హాస్టళ్లు, మెస్సులు, మందుల దుకాణాలు, ఆటోలు వీరి రాకపోకల మీదనే బతుకుతున్నాయి. కాగా పట్టా చేతికి వచ్చిన యువకులు మాత్రం హైదరాబాదు రైలెక్కుతున్నారు.

మిల్లు కూత ఆగినాక

ఒకప్పుడు పరిస్థితి ఇలా లేదు. నిజాం హయాంలో 1934లో నెలకొల్పిన ఆజంజాహి మిల్లు వేలాది కుటుంబాలకు అన్నం పెట్టింది. 1974లో జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్లిన ఈ మిల్లు నష్టాల పేరుతో 2002లో మూతపడింది. మిల్లు భూములు ప్లాట్లయ్యాయి. చేతిలో పనితనం ఉన్న నేత కార్మికులు సూరత్, భివండి, సోలాపూర్‌లకు వలస పోయారు. పత్తి పండేది ఇక్కడ, అందులో అధిక భాగం బేళ్లుగా పరాయి రాష్ట్రాల మిల్లులకు తరలిపోవడం గమనార్హం.

కాజీపేటకు వస్తుందనుకున్న రైలు పెట్టెల కర్మాగారం 1980 దశకంలో పంజాబ్‌లోని కపుర్తలాకు వెళ్లిన సంగతి విదితమే. రైల్వే తయారీ కేంద్రానికి ఇక్కడ శంకుస్థాపన జరగడానికి 2023 జూలై దాకా పట్టింది.

గీసుకొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా జౌళి పార్కుకు 2017 అక్టోబరులో పునాదిరాయి పడింది. కేరళకు చెందిన కైటెక్స్, కొరియాకు చెందిన యంగ్‌వన్ వంటి సంస్థలు ముందుకు వచ్చాయి. 2023లో కేంద్రం పి.ఎం. మిత్ర పథకం కింద దీనిని ఎంపిక చేసింది. అయితే షెడ్లు లేచినంత మాత్రాన వలస ఆగదు. సూరత్‌లో దొరికే కూలి ఇక్కడా దొరకాలి. షిఫ్టు వేళలకు బస్సు ఉండాలి. భూములిచ్చిన రైతుల పిల్లలకు శిక్షణ ఇచ్చి మొదట పని చూపాలి.

నీరు పోయే దారి ఏది?

కర్మాగారాలు లేనిచోట డబ్బు ప్లాట్ల మీదికి మళ్లింది. ఆ ప్లాట్లే నగరాన్ని ముంచుతున్నాయి. కాకతీయులు ఒకదాని నీరు మరొకదానిలోకి పోయేలా గొలుసు చెరువులు తవ్వించారు. నేడు ఆ చెరువుల శిఖంలో, నాలాల ఒడ్డున ఇళ్లు లేచాయి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో కాలనీలు నీట మునిగాయి. 2023లో భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. 2025 అక్టోబరులో మొంథా తుపాను వానకు మళ్లీ అదే గతి పట్టింది. చవకగా దొరికిందని పల్లపు స్థలం కొన్న చిరుద్యోగి, కూలీ ఏళ్ల తరబడి కూడబెట్టిన సామాను ఒక్క రాత్రిలో పోగొట్టుకుంటున్నారు. అక్కడ ఇంటికి అనుమతి ఇచ్చినవారికి పోయేదేమీ లేదు.

నయీంనగర్ నాలా వెడల్పు పని 2024లో చేపట్టడం హర్షణీయమే. కాని ఒక్కచోట వెడల్పు చేసి, ఎగువన చెరువును పూడ్చనిస్తే ప్రయోజనం శూన్యం.

మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు 2025లో కేంద్రం అనుమతి లభించింది. విమానం వస్తే మంచిదే. అయితే విమానం ఎక్కేవారి కన్నా పొద్దున అడ్డా మీద పని కోసం నిలబడేవారే ఈ నగరంలో ఎక్కువ. వారికి ఊళ్లోనే నెల జీతం, వానాకాలంలో ఇంట్లో పొడి నేల దొరికిననాడే నగరం బాగుపడినట్లు. పాలకులు ముందుగా ఈ రెండింటిపై దృష్టి సారించవలసిన అవసరం ఎంతైనా ఉంది.