వాగ్దానమునకు లెక్క యేది?

సికింద్రాబాదు మోండా మార్కెట్టులో కొత్తిమీర, పుదీన కట్టలు పరచుకొని కూర్చుండు ఒక వృద్ధురాలు, మొన్న ఒక ఉదయమున నేను చిల్లరకొరకు నిలిచియుండగా, నడుమున దోపుకొన్న చిన్న ప్లాస్టిక్ సంచి విప్పి, అందుండి రెండు కాగితములు తీసినది. ఒకటి ఆ తెల్లవారుజామున సిటీ బస్సులో కండక్టరు ఇచ్చిన సున్నా టికెట్టు. రెండవది మడతలవెంట చిరుగుపట్టి, అక్షరములు వెలిసిపోయిన ప్రజాపాలన దరఖాస్తు రసీదు. "గిది అయింది సారూ. మరి గిది ఎప్పుడైతదో జర జెప్పు" అని ఆమె ఆ రెంటిని నా చేతిలో నుంచినది. ఆమెకు చెప్పదగిన సమాధానము నాయొద్ద లేకపోయెను. ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

ఆ కాగితములు రెండును ఒక్క వాగ్దానమునుండి పుట్టినవే. 2023 సెప్టెంబరు 17న తుక్కుగూడ సభలో కాంగ్రెసు పక్షము ప్రకటించిన ఆరు గ్యారంటీలలో మొదటిదైన మహాలక్ష్మికి మూడు అంగములు కలవు: ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము, 500 రూపాయలకు గ్యాస్ సిలిండరు, నెలకు 2,500 రూపాయల సాయము. డిసెంబరు 7న నూతన ప్రభుత్వమేర్పడగా 9వ తేదీననే మొదటిది ఆచరణలోనికి వచ్చెను. 2024 ఫిబ్రవరి 27న రెండవది ఆరంభమయ్యెను. మూడవదో, వంద దినములలో అన్నియు నెరవేర్చెదమన్న గడువు గడచిపోయినను మొదలు కాలేదు. ప్రభుత్వమేర్పడిన ఆ చలికాలమున, ఈ గ్యారంటీల కొరకు ప్రజాపాలన సభలలో వరుసలు కట్టి నిలిచి ప్రజలు సమర్పించిన దరఖాస్తులు కోటికి పైబడినవి. అట్టి రసీదులు ఎన్ని యిండ్లలో దేవుని పటముల వెనుక, బియ్యపు డబ్బాల అడుగున భద్రముగా నున్నవో ఊహింపవచ్చును.

అభ్యర్థి మాటను నమ్మవచ్చునా అని మనము తరచుగా అడుగుకొందుము. ఆ ప్రశ్న వేయు తీరులోనే పొరపాటున్నదని నాకు తోచుచున్నది. ఒకే నోట, ఒకే దినమున, ఒకే పేరిట వెలువడిన మాటలలో ఒకటి ప్రభుత్వమేర్పడిన రెండు దినములలో ఫలించి మరియొకటి ఫలింపకపోయినప్పుడు, భేదము చెప్పినవాని శీలమునందు కాక చెప్పిన పనియొక్క స్వరూపమునందే వెదుకవలసి యుండును. బస్సులు అప్పటికే తిరుగుచున్నవి; సంస్థ ప్రభుత్వముదే; అర్హుల పట్టిక వ్రాయనక్కరలేదు; ఒక్క ఉత్తర్వు చాలును, ఖర్చు పిదప నెలనెలకు చెల్లించుకొనవచ్చును. నెలకు 2,500 రూపాయలన్ననో, పట్టిక కావలెను, అంతకంటె ముఖ్యముగ ప్రతి నెలయు ఖజానాలో రొక్కము కావలెను. ప్రభుత్వమేర్పడి రెండు వారములైనను గడువకమునుపే, డిసెంబరు 20న, శాసనసభలో పెట్టిన శ్వేతపత్రము రాష్ట్రపు అప్పు 6,71,757 కోట్లని చెప్పినది. ఆ లెక్కను ప్రతిపక్షము కాదన్న మాట నిజమే. ఐనను రాష్ట్రము పెద్ద అప్పులో నున్నదన్న సంగతి వాగ్దానము చేయునాటికే అందరెరిగినది. ఆ నాడే "ఈ ధనమెక్కడిది?" అని గట్టిగా అడిగినవారు మనలో నెందరు?

ఇది ఒక్క పక్షపు దోషము కాదు. అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మనవారందురు; రాజకీయ వాగ్దానములలో మాత్రము ఆ సూత్రము పనికిరాదనుటకు మన భోయిగూడలోని ఐ.డి.హెచ్. కాలనీయే సాక్షి. తెలంగాణ రాష్ట్రమేర్పడిన మరుసటి సంవత్సరము, 2015 నవంబరులో, అక్కడ 396 రెండు పడక గదుల ఇండ్లు పేదలకు లభించినవి. శిథిలమైన పాత గృహముల స్థానమున వెలిసిన ఆ ఇండ్లను చూచి సంతోషింపనివారు లేరు; నేనును సంతోషించితిని, ఆ సంతోషము నేటికిని తగ్గలేదు. కాని ఆ ఒక్క మెతుకును చూచి నగరమునకు లక్ష ఇండ్లన్న మాటను నమ్మి దరఖాస్తు చేసిన లక్షలాది కుటుంబములు సంవత్సరముల తరబడి అద్దె యిండ్లలోనే నిరీక్షించినవి. ఆ ఇండ్లు కట్టించిన నాటి పాలక పక్షమే 2018లో ప్రకటించిన 3,016 రూపాయల నిరుద్యోగ భృతి అమలులోనికి రానేలేదు.

నెరవేరిన వాగ్దానము సైతము శాశ్వతము కాదనుటకు మన చరిత్రలోనే నిదర్శనములున్నవి. 1983లో నందమూరి తారక రామారావుగారు అధికారమునకు వచ్చి, చెప్పినట్లే కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చిరి. అన్నము పండుగనాటి వంటగా నున్న ఎన్నియో గుడిసెలలో అది నిత్యాహారమయ్యెను. ఆ బియ్యపు ధర 1996లో మూడున్నర రూపాయలైనది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో రగిల్చిన సారా వ్యతిరేకోద్యమమునకు తలయొగ్గి ఆయన 1994 ఎన్నికలలో చేసిన మద్యనిషేధ వాగ్దానము 1995 జనవరిలో సంపూర్ణముగ ఆచరణకు వచ్చెను; 1997లో సడలిపోయెను. వాగ్దానము నెరవేరిన దినముననే ఓటరు పని ముగిసిపోదని దీనివలన తెలియుచున్నది.

ఇక మన సికింద్రాబాదు కంటోన్మెంటు సంగతి. ఇక్కడి నేలలో చాల భాగము రక్షణశాఖది. పాలన 2006 కంటోన్మెంట్ల చట్టము క్రింద బోర్డుది. ఆ బోర్డునకు అధ్యక్షుడు సైనికాధికారి. ఎనిమిది వార్డులకు 2015 జనవరిలో ఎన్నికలు జరిగిన పిదప, 2023 ఏప్రిల్ 30న మరల జరుగునని ప్రకటన వెలువడి మార్చిలోనే రద్దయ్యెను. ఐనను శాసనసభ ఎన్నికలు వచ్చినప్పుడెల్ల, కంటోన్మెంటును నగరపాలకసంస్థలో విలీనము చేయించెదమని, మూసిన దారులు తెరిపించెదమని అభ్యర్థులు మన వాకిళ్లలో నిలిచి చెప్పుచుందురు. ఆ పని చేయు అధికారము శాసనసభ్యునకు లేదు. ఆయన అడుగగలడు, పోరాడగలడు, అంతియే. రాజీవ్ రహదారి మీదను, నాగపూరు రహదారి మీదను ఎత్తు వంతెన మార్గములు వేయుట కెన్ని ప్రభుత్వములు మాట యిచ్చినను, 2024 మార్చిలో రక్షణశాఖ తన భూమి నిచ్చుటకు సమ్మతించిన పిదపనే శంకుస్థాపనలు జరిగినవి. "చేయించెదను" అనుటకును "చేయుమని అడిగెదను" అనుటకును గల దూరమును ఓటరునకు దాచకుండ చెప్పుట అభ్యర్థి ధర్మము.

చట్టము మనలను కాపాడునా? 2013 జులైలో సుబ్రహ్మణ్యం బాలాజీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఎన్నికల ప్రణాళికలోని వాగ్దానములు ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ సెక్షను క్రింద అవినీతికర చర్యలు కానేరవని తీర్పు చెప్పి, ప్రణాళికలకు మార్గదర్శక సూత్రములు ఏర్పరచుమని ఎన్నికల సంఘమును ఆదేశించినది. తత్ఫలితముగ 2014లో ప్రవర్తనా నియమావళిలో ఒక ప్రత్యేక భాగము చేరినది: వాగ్దానమునకు హేతువును, ధనము సమకూర్చు మార్గమును స్థూలముగనైనను తెలుపవలెను, సాధ్యమైన వాగ్దానముల మీదనే ఓటరు విశ్వాసమును కోరవలెను. సూత్రము ఉత్తమమే. కాని మాట తప్పినవానిని కోర్టునకీడ్చు దారి ఏదియు దానివలన ఏర్పడలేదు.

కావున రక్షణ మనయొద్దనే యున్నది. మాట యిచ్చి, గురువు వలదన్నను తప్పని బలిచక్రవర్తిని మనము తరతరములుగ కీర్తించుచున్నాము. బలి దానమిచ్చినది తన సొత్తు. అభ్యర్థి ఈయజూపునది మన పన్నుల ధనము, మన బిడ్డలు తీర్పవలసిన అప్పు. అది ఆయన ఔదార్యము కాదు గనుక మనము కృతజ్ఞతతో తలవంచుకొని వినవలసిన పని లేదు. యజమానులమై లెక్క యడుగవలెను. ఏరు దాటువరకు ఓడ మల్లన్న, దాటిన పిదప బోడి మల్లన్న అని నాయకులను నిందించుచు కూర్చుండుటకంటె, పడవ యెక్కించుకొనకమునుపే రేవులో నిలిపి ప్రశ్నించుట మేలు.

రాబోవు ఎన్నికలలో మీ వాకిటికి అభ్యర్థి కరపత్రముతో వచ్చినప్పుడు నాలుగు మాటలడుగుడు: ఈ పని చేయు అధికారము మీదేనా? దీనికి ధనమెక్కడినుండి తెత్తురు? ఏ తేదీలోపల ఇత్తురు? ఇచ్చిన పిదప ఎన్నేండ్లు నిలుపుదురు? సమాధానమును ఆ కరపత్రము వెనుకనే ఆయన ఎదుట వ్రాసికొని, ఐదేండ్లు దాచి, మరల వచ్చిన నాడు చూపుడు. మోండా మార్కెట్టు వృద్ధురాలు తన రసీదును నేటికిని పారవేయలేదు, మనమును పారవేయరాదు.