తెరుచుకోని పేజీ ఎవరి కోసం?



రెండేళ్ళ కిందట మా యువజన బృందం ఒక వెబ్‌సైటు పెట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి దరఖాస్తు ఎలా పెట్టుకోవాలి, వ్యక్తిగత హక్కుకు ఫారం ఎ, సామూహిక హక్కుకు ఫారం బి ఎలా నింపాలి, గ్రామసభ తీర్మానం ఎలా రాయాలి... ఇవన్నీ అందులో పెట్టాం. పట్నంలో హాస్టల్ వైఫై మీద చూస్తే ఠక్కున తెరుచుకుంది. మా భుజాలు మేమే తట్టుకున్నాం.

తర్వాత పండక్కి ఊరెళ్ళాను. మా ఊళ్ళో సిగ్నల్ కావాలంటే వెనక ఉన్న గుట్ట ఎక్కాలి. మా చిన్నాన్న కొడుకు ఫోన్ పట్టుకుని ఎక్కాడు. చాలాసేపటికి దిగొచ్చి, "అక్కా, తెల్లగానే ఉంది. మధ్యలో గుండ్రంగా తిరుగుతానే ఉంది. చార్జింగ్ కూడా అయిపోయింది" అన్నాడు.

ముందు టవర్‌ని తిట్టుకున్నాను. టవర్ కోసం పోరాటం వేరే ఉంది, అది సాగాల్సిందే. కానీ ఆ రోజు తప్పు మాది. మొదటి పేజీలో ఆగస్టు 9 ర్యాలీ ఫోటోలు 5 పెట్టాం, ఒకదాని వెనక ఒకటి జారేలా. కెమెరాలోంచి తీసినవి తీసినట్టే ఎక్కించాం. ఒక్కోటి 4 ఎంబీ, మొత్తం 20 ఎంబీ. పైగా ఫోటోలన్నీ వచ్చేదాకా పేజీని దాచేసి గుండ్రం తిప్పే ప్రీలోడర్ ఒకటి, అందంగా ఉందని పెట్టుకున్నాం.

లెక్క వేసి చూడండి. గుట్ట మీద సెకనుకు 100 కిలోబిట్ల వేగం వచ్చిందనుకుందాం. ఒక బైటుకు 8 బిట్లు. 20 ఎంబీ అంటే సుమారు 1,60,000 కిలోబిట్లు. అవి దిగడానికి 1,600 సెకన్లు, అంటే 26 నిమిషాల పైమాటే. తమ్ముడికి కావలసిన సమాచారం అక్షరాల్లో 30 కేబీ కూడా ఉండదు. అది రెండున్నర సెకన్లలో దిగిపోతుంది. ఆ కాస్త మాట కోసం వాణ్ణి గుట్ట మీద అరగంట నిలబెట్టాం.

ఇది మా ఒక్కళ్ళ కథ కాదు. యూట్యూబ్‌లో ఇంజనీరుగా పనిచేసిన క్రిస్ జకరయాస్ 2012లో ఒక అనుభవం రాశాడు. వీడియో చూసే పేజీ 1.2 ఎంబీ ఉండేది. దాన్ని కష్టపడి 98 కేబీకి తగ్గించి, కొంతమందికి ఇచ్చి చూశాడు. వేగం పెరగాలి కదా? సగటున పేజీ తెరుచుకునే సమయం ఇంకా పెరిగింది! తల పట్టుకున్నాడు. దేశాల వారీగా విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆగ్నేయాసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, సైబీరియా మారుమూలల నుంచి కొత్త జనం వచ్చారు. వాళ్ళకి తేలిక పేజీయే 2 నిమిషాలు పట్టేది. పాత పేజీ అయితే 20 నిమిషాలు. అందుకే అంతకుముందు వాళ్ళు అసలు రాలేకపోయారు. రాలేనివాళ్ళు సగటులోకీ రారు కదా.

మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మన సైటుని ఎంతమంది చూశారో లెక్క చూసుకుని సంతోషపడతాం. తెరవలేక వెనుదిరిగిన వాళ్ళు ఆ లెక్కలో సరిగా కనిపించరు. లెక్కలో లేకుండా పోవడం అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పని మన చేతులతో మనవాళ్ళకే చేయకూడదు.

మంచి మాట ఏమిటంటే, దీనికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. నేను చదివింది బీఏ. నేర్చుకున్నది ఇది.

1. ముందు కొలవండి. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, మీ సైటుకి వెళ్ళి ఎఫ్12 నొక్కండి. నెట్‌వర్క్ అనే భాగంలోకి వెళ్ళి పేజీని మళ్ళీ తెరిస్తే, మొత్తం ఎంత బరువో, ఏది ఎంత లాగుతోందో కనిపిస్తుంది. అక్కడే డిసేబుల్ క్యాష్‌కి టిక్కు పెట్టి, వేగం దగ్గర 3జీ ఎంచుకోండి. హాస్టల్‌లో కూర్చునే గుట్ట ఎక్కినట్టు ఉంటుంది. మీ దగ్గర ఫోన్ మాత్రమే ఉంటే గూగుల్ వాళ్ళ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ సైటు అడ్రసు ఇవ్వండి. ఉచితమే. పేజీలో ముఖ్యమైన పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనబడితే బాగున్నట్టు గూగుల్ లెక్క.

2. ఫోటోలు తగ్గించండి. చాలా సైట్లలో పెద్ద బరువు ఇదే. ఫోన్ కెమెరా ఫోటో వెడల్పు 4,000 పిక్సెళ్ళు ఉంటుంది. సైటుకి 1,000 చాలు. స్క్వూష్ అని ఉచిత పనిముట్టు ఉంది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఫోటో మీ ఫోన్ దాటి ఎక్కడికీ పోదు, ర్యాలీ ఫోటోల విషయంలో అదీ ముఖ్యమే. వెడల్పు తగ్గించి, నాణ్యత 75 దగ్గర పెట్టండి. 4 ఎంబీ ఫోటో మామూలుగా 100, 200 కేబీలకి దిగిపోతుంది. కంటికి తేడా తెలియదు. వెబ్‌పీ రకంలో దాచుకుంటే జేపెగ్ కన్నా ఇంకో పాతిక శాతం దాకా తగ్గుతుంది. వర్డ్‌ప్రెస్ 2021లో వచ్చిన 5.8 నుంచి వెబ్‌పీని తీసుకుంటోంది.

3. కింద ఉన్న ఫోటోలని ఆగమనండి. చదివేవాళ్ళు కిందికి జరిపినప్పుడే ఫోటో దిగేలా చేయొచ్చు. ఫోటో ట్యాగులో లోడింగ్ దగ్గర లేజీ అని రాస్తే చాలు. వర్డ్‌ప్రెస్ 2020 నుంచి ఇది తనంతట తనే చేస్తోంది. పేజీ తెరవగానే పైన కనబడే ఫోటోకి మాత్రం ఇది పెట్టకండి, అది ఆలస్యమైపోతుంది.

4. అక్షరాన్ని అక్షరంగానే పెట్టండి. మనకో అలవాటు ఉంది. ప్రకటన రాసి, దాన్ని పోస్టర్ చేసి, ఆ బొమ్మనే సైటులో పెడతాం. తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతానికి, ఒత్తుకి యూనికోడ్‌లో 3 బైట్ల చొప్పున పడుతుంది. మీరు చదువుతున్న ఈ వ్యాసం మొత్తం 30 కేబీ లోపే. 4 ఎంబీ పోస్టర్ బరువులో ఇలాంటివి వందకు పైగా వ్యాసాలు పడతాయి. జీవో స్కాన్ పెట్టాల్సి వస్తే, సారాంశం అక్షరాల్లో రాసి, కింద లింకు పక్కనే "పీడీఎఫ్, 3 ఎంబీ" అని రాయండి. డేటా ఎంత మిగిలిందో చూసుకుని తెరవాలా వద్దా అన్నది వాళ్ళే తేల్చుకుంటారు.

5. ఫాంట్ల మోజు తగ్గించుకోండి. ఒత్తులు, గుణింతాల వల్ల తెలుగు ఫాంటు ఇంగ్లీషు దానికన్నా బరువు. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటు ఎలాగూ ఉంటుంది. దాన్నే వాడుకోనివ్వండి. సొంత ఫాంటు పెట్టి తీరాలంటే ఒక్కటే పెట్టండి, వాఫ్2 రకంలో. ఫాంట్ డిస్‌ప్లే దగ్గర స్వాప్ అని రాస్తే, అది దిగేలోపు ఫోన్‌లో ఉన్న ఫాంటుతో చదువుకుంటారు.

6. వీడియోని పేజీలో నేరుగా అతికించకండి. యూట్యూబ్ వీడియో అతికిస్తే, ప్లే నొక్కకముందే వందల కేబీల కోడ్ దిగుతుంది. చిన్న బొమ్మ పెట్టి, దాన్ని నొక్కితే వీడియోకి వెళ్ళేలా లింకు ఇవ్వండి.

7. అక్కర్లేనివి పీకేయండి. జారే ఫోటోలు, పరిగెత్తే అక్షరాలు, ఎంతమంది వచ్చారో చూపే కౌంటర్, ప్రీలోడర్, ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ప్లగిన్లు. ఒక్కోదాన్నీ అడగండి: నువ్వు లేకపోతే ఫారం నింపేవాడికి నష్టమేంటి? జవాబు లేకపోతే తీసేయండి.

8. చివరగా క్యాష్. వర్డ్‌ప్రెస్ ఎవరు అడిగినా పేజీని మళ్ళీ మొదటి నుంచి వండుతుంది. డబ్ల్యూపీ సూపర్ క్యాష్ లాంటి ఉచిత ప్లగిన్ ఒక్కటి పెడితే వండినదాన్ని దాచి వడ్డిస్తుంది. ఒక్కటే పెట్టండి, రెండు పెడితే ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. మీ సర్వరు ఎక్కడో అమెరికాలో ఉంటే క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్ చూడండి. ఫోటోల్లాంటి వాటి నకళ్ళు దగ్గరలోని సర్వర్ల నుంచి ఇస్తుంది. అయితే 20 ఎంబీ పేజీకి క్యాష్ పెట్టినా అది 20 ఎంబీయే. అందుకే ఇది చివర చెప్పాను.

అన్నీ ఒకేసారి చేయకండి. ఒకటి చేయండి, కొలవండి, తర్వాత ఇంకోటి. ఏదైనా పాడైతే దేనివల్లో తెలుస్తుంది. మొదలుపెట్టే ముందు సైటుకి బ్యాకప్ తీసి పెట్టుకోండి.

ర్యాలీ ఫోటోలు తీసేస్తుంటే మా బృందంలో గొడవ కూడా అయింది. "అవి మన గుర్తింపు కదా" అన్నారు. నిజమే. అందుకే వాటిని పారేయలేదు, చిన్నవి చేసి వేరే పేజీలో పెట్టాం. మొదటి పేజీలో ఒకే ఒక్క ఫోటో, 120 కేబీ. పేజీ మొత్తం 300 కేబీ లోపుకి వచ్చింది. ముందు అక్షరాలు వస్తాయి, ఫోటో తర్వాత నింపాదిగా వస్తుంది.

తమ్ముడు మళ్ళీ గుట్ట ఎక్కాడు. ఈసారి అక్కణ్ణుంచే ఫోన్ చేశాడు. "అక్కా, ఫారం ఎలో సాక్ష్యాలు అని ఉంది కదా, మా తాత పేరు మీద ఉన్న పాత కాయితం పనికొస్తాదా?" అన్నాడు. సైటు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మేం సైటు పెట్టింది ఆ ప్రశ్న కోసమే.

మీ ఊరి సంఘానికో, మీ కాలేజీ విద్యార్థి బృందానికో సైటు ఉంటే ఈ రాత్రి దాని బరువు ఎంతో చూడండి. అందులో అన్నిటికన్నా బరువైన ఫోటో ఏదో పట్టుకోండి. దాన్ని తగ్గించండి. ఈసారి ఊరెళ్ళినప్పుడు సిగ్నల్ బాగా తక్కువ ఉన్న చోట నిలబడి మీ సైటు మీరే తెరిచి చూడండి.

జోహార్.