గడువు తీరినచో ధర్మమును తీరునా?

వేసవి నడుమ ఒక సామాన్య గృహస్థుని యింట ఫ్రిజ్జు ఆగిపోయినదనుకొందము. కొని పదునాలుగు మాసములైనది. కబురు పంపగా కంపెనీ మెకానిక్కు వచ్చును. వెనుక మూత విప్పి చూచును. ‘‘బోర్డు పోయినది, వారంటీ రెండు నెలల క్రిందటనే ముగిసినది’’ అని చెప్పి, వేల రూపాయల లెక్క వ్రాసి చేతికిచ్చును. గృహస్థు నివ్వెరపోయి ఫ్రిజ్జు తలుపు వంక చూచును. ‘‘పది సంవత్సరముల వారంటీ’’ యను పెద్ద యక్షరములు అచ్చట ఇంకను మెరయుచునే యున్నవి. అది కంప్రెసరునకు మాత్రమేనట! ఇంటిలో పాలు విరిగినవి; పెద్దవారి ఇన్సులిను పొరుగింటి ఫ్రిజ్జునకు చేరినది; వాయిదాల సొమ్ము మాత్రము నెలనెలా బ్యాంకు ఖాతానుండి పోవుచునే యున్నది.

ఇది ఒక్క యింటి కథ కాదు. వాషింగు మెషీను, ఏసీ, మిక్సీ, టీవీ, ఏ వస్తువును తలచినను ఇట్టి యనుభవము లేని కుటుంబము అరుదని మా నమ్మకము. ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ యను సామెత మనకు క్రొత్తది కాదు. అయితే ఏరు దాటినవాడు ఓడవానిని మరచుటను గూర్చి ఆ సామెత పుట్టినది. నేడు ఓడవాడే నట్టేట దింపి, ‘గడువు ముగిసినది, ఈదుకొనుడు’ అనుచున్నాడు.

ఆ పది సంవత్సరముల మాటనే ముందుగా పరిశీలింతము. ఫ్రిజ్జునందు కంప్రెసరొక్కటియే యుండదు. ఎలక్ట్రానిక్ బోర్డు, ఫ్యాను మోటారు, సెన్సారులు, గ్యాసు గొట్టములు కలిసి పనిచేసిననే అది చల్లబడును. వీనికి సాధారణముగా ఇచ్చు హామీ ఒక్క సంవత్సరము. కంప్రెసరే చెడినను గ్యాసు నింపుటకును, మనిషి రాకపోకలకును గృహస్థుడే చెల్లింపవలెనను నిబంధన పెక్కు పత్రములలో చీమకాళ్ల యక్షరములతో నుండును. పెద్ద యంకె తలుపుమీద, చిన్న యంకె కాగితము లోపల! కొనువాని కంటికి ఒకటి, కోర్టులో చూపుటకు వేరొకటి. దీనిని వ్యాపార చాతుర్యమని కొందరు మెచ్చుకొందురు. మేము దీనిని మాట తప్పుట యందుము.

తయారీదారుల పక్షమున చెప్పబడు సమాధానము లేకపోలేదు. ఏ యంత్రమును శాశ్వతము కాదు. గడువు లేని హామీ ఇచ్చినచో వెలలు పెరుగును. వాడుకలోని దోషములకు మేమెట్లు బాధ్యులము? అని వారి వాదము. ఇందు కొంత సత్యమున్నదని ఒప్పుకొనుటకు మాకు సంకోచము లేదు. పదేండ్లు నడిచి అరిగిన మోటారును ఉచితముగా మార్చుడని మేమడుగుట లేదు. కాని అరుగుదల వేరు, పుట్టుకతో వచ్చిన లోపము వేరు. పదేండ్లు పనిచేయవలసిన వస్తువు పదునాలుగవ నెలలో కూలబడినచో, అది వాడినవాని దోషమని ఏ సాక్ష్యముతో చెప్పుదురు? విద్యుత్తు హెచ్చుతగ్గులందురు. మన వీధులలోని విద్యుత్తు హెచ్చుతగ్గులు ఎవరికి తెలియని రహస్యము? ‘స్టెబిలైజరు అక్కరలేదు’ అని ప్రకటించి అమ్మినవారే, యంత్రము కాలిపోయిన పిమ్మట ‘స్టెబిలైజరు ఏల పెట్టలేదు?’ అని ప్రశ్నించుట ఎట్టి న్యాయము?

చట్టము వారి గడువుకాగితముతో ముగియుట లేదని ప్రజలు గ్రహింపవలెను. 1930 నాటి సరకుల విక్రయ చట్టమే, వేరు ఒప్పందము లేనిచో, వర్తకుడు అమ్మిన సరకు అమ్మదగిన నాణ్యము కలదై యుండవలెనని శాసించినది. 1986లో పుట్టి, 2019లో తిరిగి వ్రాయబడి, 2020 జూలై నుండి అమలునకు వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టమునందు ‘లోపము’ అను పదమునకు చెప్పిన అర్థము చూడుడు. చట్టము వలనగాని, వ్యక్తముగానో అవ్యక్తముగానో నున్న ఒప్పందము వలనగాని, వర్తకుని ప్రకటన వలనగాని ఉండవలసిన నాణ్యమున ఏ కొరత యున్నను అది లోపమే. వారంటీ నడుచుచున్న దినములలో బయటపడిననే లోపమని అందు ఎచ్చటను లేదు. గడువు దాటిన పిమ్మట సొమ్ము పుచ్చుకొని చేసిన మరమ్మతు సైతము ‘సేవ’యే, దానిని చెడగొట్టినచో సేవాలోపమే.

ఇక మరమ్మతుల సంగతి. వెనుకటి రేడియో చెడినచో వీధి చివర మెకానిక్కు చిన్న భాగమును మార్చి దానిని పలికించెడివాడు. నేడు బోర్డుమీద స్వల్పపు వెలగల కెపాసిటరు పోయినను బోర్డునంతటిని మార్చవలెనందురు. బోర్డు పటము బయటివారికి ఇయ్యరు, విడిభాగములు అమ్మరు, బయటివాడు మూత విప్పినచో వారంటీ రద్దని బెదరింతురు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలోను, మన ప్రతి పట్టణపు బజారులోను చేతి నేర్పుతో బ్రతుకు మెకానిక్కుల నోటికూడు దీనివలన పోవుచున్నది. కొనువానికి కంపెనీ చెప్పినదే వెల యగుచున్నది. ఇది నూతన విద్యయును కాదు. 1924లో ప్రపంచపు విద్యుద్దీపపు కంపెనీలు కొన్ని కూటమి కట్టి, దీపము వేయి గంటలకు మించి వెలుగరాదని నిర్ణయించుకొని, మించిన దీపములను చేసినవారికి జరిమానాలు విధించినవి. మన్నిక యెక్కువగుటయే నేరమైన వ్యాపారమది! నేటి యంత్రములన్నియు అట్టి కుట్రచే చేయబడినవని మేమనుట లేదు. లాభమును వదలివేసినచో అది ఎంత దూరము పోగలదో అనుటకు ఇది నిదర్శనము.

ఇతర దేశములు మేల్కొన్నవి. ఫ్రాన్సు దేశము 2021 జనవరి నుండి, వస్తువు ఎంత సులభముగా బాగుపడునో తెలుపు మార్కులను అమ్మకముచోటనే చూపవలెనని నిర్బంధించినది. యూరోపియను సమాఖ్య 2024లో చేసిన శాసనము వాషింగు మెషీను, ఫ్రిజ్జు మొదలగు వానిని గడువు ముగిసిన పిమ్మట సైతము న్యాయమైన వెలకు బాగుచేయవలసిన బాధ్యతను తయారీదారులపై నుంచి, అమలునకు 2026 జూలై 31వ తేదీని నిర్ణయించినది. మన కేంద్ర ప్రభుత్వము 2022 జూలైలో ఒక సంఘమును నియమించి, ఆ సంవత్సరమే డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టలును తెరచినది. సంతోషమే. కాని అది దారి చూపు దీపము. దారి కట్టినవానిని తొలగించు దండము కాదు.

కావున ప్రభుత్వమును మేమడుగునది స్పష్టము. ప్రతి వస్తువునకును విడిభాగములు ఎన్ని యేండ్లు దొరకునో, వాని వెల యెంతయో అమ్మునాడే వ్రాతమూలముగా తెలుపవలెను. ఆ భాగములు బయటి మెకానిక్కులకును అమ్మవలెను. ఒక్క భాగమునకు చెందిన హామీని మొత్తము వస్తువునకు చెందినట్లు పెద్ద యక్షరములతో చాటుటను శిక్షింపవలెను. వస్తుపరీక్ష అక్కరలేని ఫిర్యాదులను మూడు మాసములలోను, పరీక్ష అవసరమైనవానిని ఐదు మాసములలోను తీర్చుటకు ప్రయత్నింపవలెనని చట్టమే చెప్పుచుండగా, వినియోగదారుల కమిషనులలో వ్యాజ్యములు ఏండ్ల తరబడి నలుగుట సిగ్గుచేటు. ఖాళీగా నున్న పీఠములు న్యాయము చెప్పజాలవు.

అయితే ప్రభుత్వము కదలువరకు చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదు. బిల్లు, వారంటీ పత్రము, ప్రకటన కాగితము, మెకానిక్కు వ్రాసిన జాబుషీటు, వీనిని పారవేయకుడు. దోషమేమో వ్రాసి యిమ్మని అడుగుడు. వీలైనచో వేరొక నిపుణుని అభిప్రాయమును వ్రాతలో తీసికొనుడు. మొదట కంపెనీకి లేఖ వ్రాయుడు. ఫలము లేనిచో జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు తెలుపుడు. అప్పటికిని న్యాయము జరుగనిచో జిల్లా కమిషనునకు పొండు. మీరు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల రూపాయల లోపు వెలగల సరకునకు రుసుము లేదు. వకీలు లేకయే వాదించుకొనవచ్చును. కాని వివాదకారణము పుట్టిన రెండేండ్లలోపున చేయవలెనను మాట మరువకుడు. కంపెనీ గడువును మనము ప్రశ్నించుచు చట్టపు గడువును జారవిడుచుట తెలివి కాదు.

వేయి రూపాయల కొరకు వ్యాజ్యమేల యని వేయిమంది ఊరకుండుటయే ఆ వేయి రూపాయలను ఒక వ్యాపారముగా మార్చుచున్నది. ప్రతి గ్రంథాలయమును ఈ నియమములను ఒక పలకపై వ్రాసి గుమ్మమున తగిలింపవలెనని మా కోరిక. అడగనిదే అమ్మయినను పెట్టదందురు. అమ్మయే పెట్టనిది అమ్మకపువాడు పెట్టునా? అడుగుడు, వ్రాసి యడుగుడు, పదిమంది కలిసి యడుగుడు. హామీ గడువు కాగితముపై ముగియవచ్చును గాని, నిజాయితీకి గడువు లేదని వారికి తెలియజేయవలసినది మనమే.