మనవల పండుగకు అప్పు అవసరమా?

ధనుర్మాసం ప్రవేశించిందంటే తెలుగువారి ముంగిళ్ళకు కొత్త కళ వస్తుంది. తెల్లవారుజామున ఆలయంలో తిరుప్పావై, వాకిట కల్లాపి, ఆ తడి మీద ముగ్గు, ముగ్గు నడుమ గొబ్బెమ్మ. ఈ నెల రోజుల సందడి అంతా భోగి, సంక్రాంతి, కనుమల కోసమే. ఆ మూడు రోజులూ ఇంటికి రాబోయే మనవల కోసమే అన్నా పెద్దలెవరూ కాదనరు. అయితే ఈ పవిత్ర మాసంలోనే ఎన్నో ఇళ్ళలో తాతయ్య, నాన్నమ్మ ఎదురెదురుగా కూర్చుని, పైకి చెప్పుకోలేని లెక్కలు వేసుకుంటూ ఉంటారు. కూతురి పిల్లలు ఇద్దరు, కొడుకు పిల్లలు ముగ్గురు. అందరికీ కొత్త బట్టలు కావాలి. అల్లుడికి లాంఛనం కావాలి. పిండివంటలకు నెయ్యి, నూనె, బెల్లం కావాలి. ఇవన్నీ అయ్యాక పిల్లలు మనసు పెట్టుకున్న ఆటవస్తువులు కావాలి.

రాబడి మాత్రం పింఛను. ఉద్యోగుల పింఛను పథకంలో కనీస పింఛను నెలకు 1,000 రూపాయలని 2014లో నిర్ణయించారు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జూలైలో 4,000 రూపాయలైంది. మందుల చీటీ, కరెంటు బిల్లు పోగా ఇటువంటి మొత్తాలలో మిగిలేదెంతో ఆ ఇంటివారికే తెలుసు. చివరకు బీరువాలో దాచిన గాజుల జత తాకట్టుకు వెళుతుంది. కనుమ మరునాడు పిల్లలు నవ్వుతూ బస్సెక్కుతారు. వడ్డీ మాత్రం ఉగాది దాకా, ఒక్కొక్కసారి మళ్ళీ సంక్రాంతి దాకా ఇంట్లోనే ఉంటుంది.

ఇది భక్తి కాదు, వాత్సల్యమూ కాదు, లోకానికి భయపడటం. మాట కటువుగా ఉన్నదని పాఠకులు అనుకోవద్దు. మనవల కోసం అప్పు చేయమని ఏ ధర్మశాస్త్రమూ చెప్పలేదు, సంక్రాంతి అసలే చెప్పలేదు.

ఇక్కడ ఒక చమత్కారమైన సమాధానం తరచుగా వినిపిస్తుంది. "సాక్షాత్తు శ్రీనివాసుడే కుబేరుడి దగ్గర ఋణం తీసుకుని పెళ్ళి చేసుకున్నాడు, మనమెంత?" అంటారు. నిజమే. కానీ కథలో మిగతా సగం కూడా గుర్తు పెట్టుకోవాలి కదా! కలియుగాంతం దాకా ఆ స్వామి వడ్డీ కడుతూనే ఉన్నాడు. అందుకే వడ్డికాసులవాడని పేరు తెచ్చుకున్నాడు. ఆయనకు కోట్లాది భక్తులు హుండీలో కానుకలు వేస్తున్నారు. మన ఇంటి ముందు హుండీ లేదు.

పిల్లలకు సంబంధించినంతవరకు ఈ పండుగ కోరేదేమిటో ఒకసారి నిదానంగా చూడండి. భోగి నాటి సాయంత్రం భోగిపళ్ళు. చాలా ఇళ్ళలో ఐదేళ్ళలోపు పిల్లలకు పోస్తారు, కొన్ని ఇళ్ళలో పన్నెండేళ్ళ దాకా పోసే ఆనవాయితీ ఉంది. అందుకు కావలసినవి రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకలు, నానబెట్టిన సెనగలు, చిల్లర నాణాలు, గుప్పెడు అక్షతలు. పళ్ళన్నీ ఉండగా రేగుపండే ఎందుకు? దానికి బదరీఫలమని, అర్కఫలమని పేర్లు. ఉత్తరాయణంలోకి అడుగు పెడుతున్న సూర్యుడి రంగు, ఆకారం దానివి. బదరికాశ్రమంలో తపస్సు చేస్తున్న నరనారాయణుల మీద దేవతలు బదరీఫలాలు కురిపించారని పెద్దలు చెబుతారు. ఆ గాథ సంగతి అలా ఉంచి, ఏర్పాటును గమనించండి. ఆ రుతువులో పొలం గట్ల మీద, ఊరి పొలిమేరల్లో ఊరికే రాలి దొరికే పండు అది. పిల్లవాడి తల మీద ఐశ్వర్యసూచకంగా పోయడానికి మన పూర్వులు ద్రాక్షను ఎన్నుకోలేదు, దానిమ్మను ఎన్నుకోలేదు. లేనివాడి పెరట్లో కూడా కాసేదాన్నే ఎన్నుకున్నారు. నాణాలు కూడా అంతే. రాసులు పోయమని ఎవరూ అనలేదు, రూపాయి బిళ్ళలు పది ఉన్నా చాలు. కింద పడిన బిళ్ళ కోసం పిల్లలు తోసుకుంటూ పాకులాడే ఆ కాసేపూ ముత్తయిదువల నవ్వులతో ఇల్లు నిండిపోతుంది. ఆ నవ్వుకు బిళ్ళ విలువతో పని లేదు.

గొబ్బెమ్మల విషయం మరీ ముచ్చటైనది. వాకిట పూజ అందుకున్న గొబ్బెమ్మను పారవేయరు, గోడకు పిడకగా కొడతారు. ఎండిన చిన్న పిడకలను పిల్లలు దండగా గుచ్చి భోగిమంటలో వేస్తారు. మరికొన్నింటిని దాచి, మాఘమాసంలో రథసప్తమినాడు వాటి మీద పాలు పొంగించి, చిక్కుడుకాయల రథం ముందు చిక్కుడాకులలో పరమాన్నం పెట్టి సూర్యుడికి నివేదిస్తారు. ఒక పండుగలో మిగిలినది మరో పండుగకు వంటచెరకు అవుతున్నదన్నమాట. ఇంత పొదుపుగా అల్లిన పండుగను మనం ఇంత ఖరీదైనదిగా ఎప్పుడు మార్చుకున్నాం?

"మీ కాలం వేరు, ఈ కాలపు పిల్లలు రేగుపళ్ళతో ఊరుకుంటారా?" అని కోడళ్ళు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. డిసెంబరులో బడిలో క్రిస్మస్ తాత వేషం కడతారు, బహుమతులు పంచుతారు. పక్కింటి క్రైస్తవ కుటుంబంలో పిల్లలకు కొత్త బట్టలు, కేకులు వస్తాయి. అది వారి పండుగ, వారి ముచ్చట. అది చూసిన మన పిల్లవాడు, "మరి మన తాతయ్య సంక్రాంతికి నాకేమిస్తాడు?" అని అడగటంలో తప్పేమీ లేదు. ఆ క్రైస్తవ కుటుంబంలోని తాతగారికి కూడా మన తాతగారికున్న ఇబ్బందే ఉండవచ్చునని మాత్రం మనం మరువకూడదు. చేతిలో డబ్బు లేకపోవడానికి మతభేదం లేదు.

పిల్లవాడి మనసు దేనివల్ల గాయపడుతుందో మహాభారతం ఆదిపర్వంలో ద్రోణాచార్యుడు స్వయంగా భీష్ముడికి చెప్పుకున్నాడు. ధనవంతుల పిల్లలు పాలు తాగుతుంటే చూసి, పసివాడైన అశ్వత్థామ తనకూ పాలు కావాలని ఏడ్చాడు. ద్రోణుడు ధర్మమార్గంలో ఒక ఆవును సంపాదించాలని ఎంత తిరిగినా దొరకలేదు. తోటిపిల్లలు నీళ్ళలో పిండి కలిపి ఇస్తే, అవే పాలనుకుని తాగి, "నేనూ పాలు తాగాను" అంటూ ఆ పసివాడు గంతులు వేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, ధనం సంపాదించలేని తండ్రి అని ద్రోణుణ్ణి ఎత్తిపొడిచారు. ఆ అవమానం భరించలేకనే ఆయన బాల్యమిత్రుడైన ద్రుపదుడి దగ్గరకు వెళ్ళాడు, అక్కడ మరింత అవమానం పొందాడు. తరువాతి పగ, ప్రతీకారం, ద్రోణుణ్ణి వధించడానికే యజ్ఞంలోనుంచి పుట్టిన ధృష్టద్యుమ్నుడు, అన్నీ మనకు తెలిసినవే.

ఈ ఘట్టంలో అశ్వత్థామ గంతులు వేసిన క్షణం దగ్గర ఒక్కసారి ఆగండి. ఆ బాలుడికి ఆ క్షణంలో లోటు లేదు. లోటును చూపించింది చుట్టుపక్కల నవ్వు. దాన్ని గుండెల్లో పెట్టుకుని రగిలిపోయింది తండ్రి. మన ఇళ్ళలో జరుగుతున్నదీ ఇదే. పిల్లవాడు కొబ్బరి ఈనెతో, పాత కాగితంతో, అన్నం మెతుకులు అంటించి తాతయ్య చేసిచ్చిన గాలిపటాన్ని పట్టుకుని డాబా మీద పరుగులు తీస్తాడు. "ఇదేనా మీ తాత ఇచ్చింది?" అన్న మాట పెద్దల నోటినుంచి రాకూడదు. వచ్చేది సాధారణంగా పెద్దల నోటినుంచే. (గాలిపటం మాట వచ్చింది కనుక చెబుతున్నాను. చైనా మాంజా అనే నైలాను దారం కొనవద్దు. జాతీయ హరిత న్యాయస్థానం 2017లో దాన్ని నిషేధించింది. పక్షుల మెడలు, మనుషుల మెడలు కూడా అది కోస్తుంది. నూలుదారం చాలు.)

కాబట్టి చేతిలో ఉన్నది తక్కువైనప్పుడు పాటించవలసిన మొదటి ధర్మం సమానత్వం. ఒకే ఇంటికి అమెరికానుంచి వచ్చిన మనవలూ ఉంటారు, పక్క ఊరినుంచి వచ్చిన మనవలూ ఉంటారు. పెద్ద కొడుకు పిల్లలకు గొప్ప బట్టలు పెట్టి, చిన్న కొడుకు పిల్లలకు ఏదో ఒకటి పెడితే ఆ తేడా పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది. ముసలితనం దాకా గుర్తుంటుంది కూడా. రెండు వందల రూపాయల గుడ్డే కొనండి, అందరికీ అదే కొనండి. ఒకే తానులోనుంచి కుట్టించిన గౌన్లు, చొక్కాలు వేసుకుని అన్నదమ్ముల పిల్లలంతా వరుసగా నిలబడితే ఆ ఫొటోను ఆ పిల్లలే పెద్దయ్యాక వెతుక్కుంటారు. ధనికుడైన కొడుకు తన పిల్లలకు వేరే ఏమైనా కొనదలిస్తే, అది తన ఊళ్ళో, తన ఇంట్లో ఇచ్చుకోమని ముందే చెప్పే అధికారం తల్లిదండ్రులకు ఉంది. మొహమాటపడకండి.

అల్లుడి మర్యాదల గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. 2022 సంక్రాంతికి పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాల వంటకాలు వడ్డించిన వార్త దేశమంతా వ్యాపించింది. ఆ తరువాత ఏటా ఎక్కడో ఒకచోట ఆ లెక్కను దాటే ప్రయత్నం జరుగుతూనే ఉంది. పత్రికలూ ఆ బొమ్మలు వేస్తూనే ఉన్నాయి. అది చూసి ఎందరు మామగార్లు నిట్టూర్చారో ఆ బొమ్మలలో కనిపించదు.

బొమ్మలకొలువు పెట్టే ఇళ్ళలో మరో సదుపాయం ఉంది. ఏటా కొలువులో కనీసం ఒక కొత్త బొమ్మ చేరాలన్నది ఆచారం. ఒక్కటి చాలు. తెల్లపొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మ కావచ్చు, అంకుడు కర్ర మీద లక్క రంగులు వేసే ఏటికొప్పాక బొమ్మ కావచ్చు. ఆ ఒక్కటీ ఏది కొనాలో మనవలనే ఎన్నుకోనివ్వండి. ఐదుగురికి ఐదు బొమ్మలు కొనలేకపోయినా, ఐదుగురూ వాదులాడుకుని తేల్చిన ఆ ఒక్క బొమ్మ అందరిదీ అవుతుంది. మరుసటి ఏడాది పెట్టె తెరవగానే వాళ్ళు మొదట వెతికేది దానినే.

పిల్లలకు ఇవ్వడం గురించే ఇంతవరకు మాట్లాడుకున్నాం. సంక్రాంతి దానపర్వం. ఉత్తరాయణ పుణ్యకాలంలో నువ్వులు, గుమ్మడికాయ దానం చేస్తారు, పితృదేవతలకు తర్పణాలు వదులుతారు. ఈ పండుగలో పిల్లలు పుచ్చుకునేవారు మాత్రమే కాదు, ఇచ్చేవారు కూడా. హరిదాసు వాకిట్లోకి వచ్చినప్పుడు ఆయన తలమీది అక్షయపాత్రలో బియ్యం పోసే పని మనవరాలికి అప్పగించండి. ఈమధ్య కొందరు హరిదాసులు మోపెడ్ల మీద వస్తున్నారు, రానివ్వండి. గంగిరెద్దుకు పాత బట్ట కప్పే పని మనవడికివ్వండి. నగరంలో ఒకరిచ్చిన వస్తువులు అందుకోవడమే అలవాటైన పిల్లవాడికి, తన చేతితో మరొకరికి ఇవ్వడం కొత్త. ఆ రోజు తాను పెద్దవాడినయ్యానని అనుకుంటాడు. దోసెడు బియ్యంతో జరిగే పని ఇది.

వంట సంగతీ అంతే. తెలంగాణ ఇళ్ళలో తెల్లని గుడ్డ పరచి, దాని మీద సకినాలు చుట్టేటప్పుడు పక్కన పిల్లలకు కాస్త పిండి ముద్ద ఇచ్చి చూడండి. వంకరటింకరగా చుట్టిన ఆ సకినాన్ని వేరుగా వేయించి పెడితే, పళ్ళెంలోని మిగతావాటిని వదిలి దానినే తింటారు. ఆంధ్రదేశంలో అరిసెల చెక్కలు నొక్కడానికి పిల్లలు పోటీపడతారు. నూనె దగ్గరకు రానివ్వకూడదు, చెక్కల దగ్గరకు రానివ్వవచ్చు. ఏడు రకాల పిండివంటలు అవసరం లేదు. కిలో బియ్యానికి ముప్పాతిక కిలో బెల్లం చొప్పున పాకం పట్టి చేసిన అరిసెలు, కాసిన్ని జంతికలు. కొత్త బియ్యం, కొత్త బెల్లం, నువ్వులు, ఇవి కదా ఈ పండుగ రుచి!

ఇక అన్నిటికన్నా కష్టమైన పని మిగిలింది, నోరు విప్పి చెప్పడం. పిల్లలు బయలుదేరకముందే కొడుక్కీ కూతురికీ మీరే ఫోను చేసి చెప్పండి. "ఈసారి ఇంత పెట్టుకున్నాం, ఇంతే చేస్తాం, మీరు వస్తే చాలు" అనండి. అటువైపు కూడా ప్రయాణం ఖర్చు తక్కువేమీ కాదు. నెలన్నర ముందే రైలు టిక్కెట్లు అయిపోతాయి, పండుగ బస్సుల చార్జీలు అందరికీ తెలిసినవే. వాళ్ళూ మీకు చెప్పలేక లోలోపల లెక్కలు వేసుకుంటూ ఉండి ఉండవచ్చు. మీరు ముందు చెబితే వారికి ఊపిరి ఆడుతుంది. ఎనిమిదేళ్ళు దాటిన మనవలకైతే నేరుగానే చెప్పవచ్చు. "తాతయ్య దగ్గర పండుగకు ఇంత డబ్బు ఉంది, ఏమేం చేద్దాం?" అని కాగితం, పెన్సిలు వాళ్ళ చేతికే ఇవ్వండి. వాళ్ళు వేసే లెక్క మీ లెక్క కంటే గట్టిగా ఉంటుంది.

గాజులు బీరువాలోనే ఉండనివ్వండి. భోగిపళ్ళలోకి రూపాయి బిళ్ళలు మాత్రం ఇప్పుడే బ్యాంకులో అడిగి తెచ్చి పెట్టుకోండి. భోగి ముందురోజు అడిగితే చిల్లర దొరకదు.