వినడానికి తీరిక ఇచ్చే సంగీతం

శాక్సోఫోన్ అనగానే మనలో చాలామందికి కద్రి గోపాల్‌నాథ్ పలికించిన త్యాగరాజ కీర్తనలు గుర్తొస్తాయి. నార్వే కళాకారుడు యాన్ గార్బరెక్ చేతిలో అదే వాద్యం మరో లోకాన్ని తెరుస్తుంది. పద్నాలుగేళ్ల వయసులో రేడియోలో జాజ్ శాక్సోఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్‌ను విని ఆయన ఈ దారి పట్టారు.

1993లో ఆస్ట్రియాలోని సెయింట్ గెరోల్డ్ మఠంలో హిలియర్డ్ బృందం గాయకులు నలుగురు ప్రాచీన చర్చి గీతాలు పాడుతుంటే, ఆయన శాక్సోఫోన్ అయిదో గొంతుగా కలిసింది. ఆ మఠపు ప్రతిధ్వని కూడా సంగీతమైపోయిన ఆ ఆల్బమే ‘ఆఫీసియమ్’ (1994). స్వరాల మధ్య నిశ్శబ్దాన్ని ఆయన తొందరపడి నింపరు. అందుకే ప్రతి స్వరం నిండుగా వినిపిస్తుంది.

జాజ్ తెలియదని సంకోచించకండి. రాగాలాపనకు చెవి ఒగ్గిన వారికి ఈ నిదానం పరిచితమే. సమకాలీన జాజ్ శాక్సోఫోన్‌పై ఈ సంచికలోని వ్యాసాలు చదవండి, ఆ సంగీతం తప్పక వినండి.

- సంపాదకుడు