మెడలో బిళ్ళ కట్టిన ప్రతిసారీ క్షయ కాదు

పిల్లల మెడలో బిళ్ళలు కడితే మన ప్రాంతంలో వైద్యునికి మొదట తోచే పేరు క్షయ. ఆ వ్యాధి మన దేశంలో ఎక్కువ కనుక అనుమానం సహజమే. అయితే ముక్క పరీక్ష చేయించకుండా ఆరునెలల మందులు మొదలుపెట్టడాన్ని నేను తప్పుపడతాను. ఆ తప్పు నేనూ చేశాను.

చాలా ఏళ్ల క్రితం ఎనిమిదేళ్ల బాలుణ్ణి వాళ్ల నాయనమ్మ నా వద్దకు తీసుకువచ్చింది. జ్వరం, చిక్కిపోవడం, మెడలో బిళ్ళలు. క్షయ మందులు రాశాను. నెల తిరిగినా తగ్గకపోవడంతో ప్రెడ్నిసోలోన్ చేర్చాను. వారంలో బిళ్ళలు కరిగాయి. ఆమె నాకు చేతులెత్తి దండం పెట్టింది. రెండు నెలలకు అవి మునుపటికన్నా పెద్దవై తిరిగి వచ్చాయి. అప్పుడు చేయించిన పరీక్షలో తేలినది అనాప్లాస్టిక్ లార్జ్ సెల్ లింఫోమా.

స్టెరాయిడ్లు లింఫోమా కణాలను కూడా చంపుతాయి. గడ్డ తగ్గినట్లు కనిపించేది అందుకే. ఆ తరువాత తీసిన ముక్కలో రోగం ఆనవాలు సరిగా దొరకకపోవచ్చు. సన్నని సూదితో కణాలు తీసి చూడటం కూడా తరచుగా చాలదు. వీలైతే బిళ్ళను మొత్తంగా తీసి పరీక్షించాలి.

బర్కిట్ లింఫోమా విషయంలో ఆలస్యానికి అసలు చోటే లేదు. ఉగాండాలో పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్ పిల్లల దవడ గడ్డలుగా దీనిని 1958లో వర్ణించాడు. ఆఫ్రికా వెలుపల ఇది ఎక్కువగా పొట్టలో వస్తుంది. పేగులో పేగు దూరి, కడుపునొప్పిగా బయటపడటమూ ఉంది. ఈ గడ్డ ఒకటి రెండు రోజుల్లో రెట్టింపు కాగలదు. చిత్రమేమంటే, అంత వేగంగా విభజన చెందే కణాలే కీమోథెరపీకి బాగా లొంగుతాయి. ముదిరిన దశలో ఉన్న పిల్లలకు కీమోతోపాటు రిటుక్సిమాబ్ ఇచ్చిన అంతర్జాతీయ పరిశోధన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. మూడేళ్లనాటికి రోగం తిరగబెట్టడం వంటి అవాంతరాలేవీ లేకుండా ఉన్నవారు 93.9 శాతం; ఆ మందు ఇవ్వనివారిలో 82.3 శాతం.

అయితే చికిత్స తొలిరోజులే ప్రమాదకరం. కణాలు ఒక్కసారిగా చిట్లి, పొటాషియం, యూరిక్ ఆమ్లం రక్తంలో పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. సెలైన్ ఎక్కించడం, పూటపూటా రక్తపరీక్షలు, అవసరమైతే డయాలిసిస్ అన్నీ ఒకేచోట ఉండాలి. చిన్న నర్సింగ్‌హోములో ఇది సాధ్యం కాదు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. వంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉన్నది.

“కత్తి తగిలితే పాకుతుందంటారు కదా బాబూ?” అని ఆ నాయనమ్మ మొదటిరోజే అడిగింది. బిళ్ళ తీసి పరీక్షిస్తే లింఫోమా పాకదని ఆమెకు అయిదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పవలసింది. బయట క్యూ పొడవుగా ఉన్నది. మందులచీటీ రాసి పంపించాను.